ఏడో చరణంలో అవ్వ తిట్లు

క్రైస్తవులు చెప్పే ఏడు మూల పాపాల మీద హెవీ మెటల్ పాట కట్టాలని బయలుదేరినవాడు వాటిలో ఒక్కదాన్నయినా దగ్గరగా చూసి ఉంటాడని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. వేలూరులో నేను చదివిన కాలేజీలో ఆ పాటకు పూనుకున్న మహానుభావుడు సత్తువాచారిలో, కలెక్టరాఫీసుకు నడిచిపోయేంత దూరంలో, సొంత మేడలో ఉండేవాడు. తండ్రి ఏదో ఆఫీసులో పెద్ద అధికారి. కొడుకు గిటార్ వాయించేవాడు, జుట్టు భుజాల దాకా పెంచాడు, ఎండాకాలంలో కూడా పుర్రె బొమ్మ ఉన్న నల్ల బనీను తప్ప వేసేవాడు కాదు. వేలూరు ఎండ తెలిసినవాళ్లకు ఆ నల్ల బనీను ఎంత తెలివితక్కువో వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం కాగానే ఆ పుర్రె కిందనే వాళ్లమ్మ కట్టిచ్చిన పెరుగన్నం డబ్బా తెరుచుకునేది. పైన దానిమ్మ గింజలు కూడా చల్లి ఉండేవి.

వాణ్ణి నేను మా నాయకుడు అంటాను. బ్యాండుకు నాయకుడు ఎవరనే ప్రశ్న రాకముందే వాడు జవాబు చెప్పేశాడు కాబట్టి.

పాటలో ఏడు చరణాలు. ఒక్కో పాపానికి ఒక్కో చరణం, అన్నీ ఇంగ్లీషులో. రక్తం, నిప్పు, చీకటి, సంకెళ్లు అనే నాలుగు మాటలను అటూ ఇటూ తిప్పి వేస్తే ఏ చరణమైనా తయారయ్యేది. తిండిపోతుతనం మీద రాసినవాడు పెరుగన్నం తినేవాడు. మోహం మీద చరణం రాసిన బేస్ గిటార్ వాడికి నాతో మాట్లాడాల్సి వస్తే చూపు నా చెప్పుల మీదే ఉండేది. సోమరితనం చరణం ఒక్కటే కాస్త అనుభవంతో రాసినట్టుండేది. అదీ సగంలో ఆపేశారు.

నేను మాత్రం ఆ ఏడింటినీ చిన్నప్పుడే కంఠతా పట్టినదాన్ని. గుడియాత్తంలో ఆదివారం జ్ఞానోపదేశం క్లాసులో సిస్టరమ్మ అరవంలో చెప్పించేది. ఒక్కటి మరిచిపోయినా స్కేలు దెబ్బ పడేది. అందుకే నాకు వాటి మీద భయమూ లేదు, మోజూ లేదు. ఎక్కాలు ఎంతో అవీ అంతే.

ఇంతకీ నన్ను బ్యాండులోకి ఎందుకు తీసుకున్నారంటే, నా గొంతు కోసం. మెటల్ పాటలో గొంతును గరగరలాడించి, పొట్టలోనుంచి అరిచినట్టు పాడతారు. మా నాయకుడు ఫోనులో వీడియోలు చూసి నెలల తరబడి సాధన చేశాడు. సాధన చేసిన ప్రతిసారీ గొంతు పోయి, ఉప్పునీళ్లు పుక్కిలించుకుంటూ కూర్చునేవాడు. ఒకరోజు క్యాంటీన్‌లో ఎవడో వరస తప్పించి నా ముందు దూరాడు. నేను వాడి మీద విరుచుకుపడ్డాను. వాడు చేతిలో ప్లేటు వదిలేశాడు. పక్క వరసలో ఉన్న డ్రమ్మర్ పరుగెత్తుకొచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఇప్పుడు తిట్టినావే, అట్నే పాడతావా?" అన్నాడు తెలుగులో.

డ్రమ్మర్‌ది పరదరామి. వాళ్లది తెలుగు మాట్లాడే రైతు కుటుంబం. పొద్దున బస్సులో గుడియాత్తం వచ్చి, నేనెక్కే పాసింజరులోనే కాట్పాడి దాకా వచ్చేవాడు. దారి పొడవునా నా టిఫిన్ డబ్బా మూత మీద వేళ్లతో దరువేసేవాడు. లత్తేరి వచ్చేసరికి పెట్టెలో సగంమంది వాణ్ణి ఆపమని బతిమాలేవాళ్లు. ఆ బ్యాండులో పని చేతనైనవాడు వాడొక్కడే.

నా గొంతు నాకు సాధనతో వచ్చింది కాదు. అది మా అవ్వది.

మాది మగ్గాల చప్పుడు వినిపించే వీధి, కానీ మా ఇంట్లో మగ్గం లేదు. అవ్వ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసింది, నాన్న తోళ్ల ఫ్యాక్టరీలో. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే అరవం, ప్రార్థన కూడా అరవంలోనే. తెలుగు నాకు నోటికే తప్ప కంటికి తెలియదు. ఈ అక్షరాలు పెళ్లయి చిత్తూరు వచ్చాక నేర్చుకున్నవి.

మా వీధిలో ఏదైనా పోతే పోలీసుల దగ్గరికి ఎవరూ పోరు. మా అవ్వ దగ్గరికి వస్తారు. కోడిపెట్ట కావచ్చు, ఆరేసిన చీర కావచ్చు, కొత్త ప్లాస్టిక్ బిందె కావచ్చు. అవ్వ జుట్టు విప్పి, కొంగు నడుముకు బిగించి, మూడు సందులు కలిసే మూలకు పోయి నిలబడేది. వంగి దోసెడు మన్ను తీసి గాల్లోకి విసిరి నోరు తెరిచేది.

"తీసినోడి నోట్లో మన్ను పడ! దాచినోడి ఇంట్లో దుమ్ము లేవ! తిన్నోడి గొంతులో ఈక మొలవ! నాది నా గడపకొచ్చేదాకా నీ కంటికి నిద్ర రాకపోను!"

దీనికొక పద్ధతి ఉంది. దొంగ ఎవరో తెలిసినా పేరు చెప్పకూడదు. పేరు పెడితే అది ఉత్త తగాదా, పేరు పెట్టకపోతేనే తిట్టు అనేది అవ్వ. ఆ అరుపు వినగానే తప్పు చేయనివాళ్లందరూ గడపల్లోకి వచ్చి నిలబడి, ఆడవాళ్లు కొంగూ మగవాళ్లు తువ్వాలో లుంగీ అంచో దులుపుకునేవాళ్లు. ఈ మన్ను నా మీద పడేది కాదు అని దాని అర్థం. ఎవరి గడప ఖాళీగా ఉందో వీధంతా చూసేది, ఎవరూ నోరు మెదిపేవాళ్లు కాదు. తెల్లవారేసరికి పోయిన వస్తువు గడప మీద ఉండేది. ఒకసారి కోడిని అప్పటికే తినేశారు కాబోలు, దాని బదులు ఇంకా బలిసిన కోడి కాళ్లు కట్టేసి దొరికింది.

వస్తువు వచ్చిన తరువాత, రెండుమూడు రోజులకు, ఎవరో ఒకరు ఊరికే అటు పోతున్నట్టు వచ్చి "అమ్మా, కొంచెం నీళ్లియ్యి" అని అడిగేవాళ్లు. తిట్టినవాళ్ల చేతి నీళ్లు తాగితే తిట్టు దిగిపోతుంది. అవ్వ చెంబు ఇచ్చేది. ఇస్తూ ఎదుటి మనిషి మొహం చూసేది కాదు. నాకు తెలిసి ఆమె ఎవరికైనా చూపించిన మర్యాద అదొక్కటే.

ఫాదర్‌కు ఈ సంగతి తెలియకపోలేదు. అవ్వ పాపసంకీర్తనానికి, అంటే తప్పులు ఒప్పుకోవడానికి, పోయినప్పుడు, ఏడు మూల పాపాలలో కోపం ఒకటి, నువ్వు దాన్ని వీధిలో పెట్టి అమ్ముతున్నావు, ఒప్పుకో అన్నాడట.

"ఆ కోడిని ఎత్తుకపోయినోడు ముందర వచ్చి ఒప్పుకోనీ సామీ. వాడి యెనక నేను నిలబడతా," అని లేచి వచ్చేసింది అవ్వ. ఆ మాట ఆమే ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంది.

నేను కాలేజీలో రెండో ఏడులో ఉండగా అవ్వ గొంతులో గడ్డ లేచింది. వేలూరు ఆసుపత్రిలో చేర్చాం. గడ్డ తీశారు, ప్రాణం దక్కింది, గొంతు మాత్రం తిరిగి రాలేదు. మూడు వీధుల అవతలికి వినిపించే మనిషికి గుసగుస మిగిలింది. ఆ గుసగుస వినాలంటే ఆమె నోటి దగ్గర చెవి పెట్టాలి.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు మా గుడ్లు పెట్టే కోడి పోయింది. అవ్వ ఎప్పటిలాగే జుట్టు విప్పుకుని మూలకు పోయింది. మన్ను విసిరింది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, శబ్దం లేదు. ఒక్క గడపలోకీ ఒక్కరూ రాలేదు. ఇళ్లల్లో టీవీలు మోగుతూనే ఉన్నాయి. ఒకామె కిటికీలోంచి చూసి మళ్లీ లోపలికి పోయింది. ముప్ఫై నలభై ఏళ్లు ఆమె నోటి చాటున సామాన్లు కాపాడుకున్న వీధి అది. ఆ జనం మీద నాకు ఆరోజు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

"నేను తిడతా, పక్కకు రా," అన్నాను అవ్వతో.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పెళ్లిగాని పిల్ల మన్ను పట్టగూడదు. గమ్మునుండు," అంది ఆ గుసగుసలోనే.

తరువాత ఆమె మూలకు పోవడం మానేసింది. ఆ కోడి తిరిగి రాలేదు. తరువాత బిందె పోయింది, అదీ రాలేదు. అవ్వ వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేది. ఎవరైనా పలకరిస్తే తల తిప్పుకునేది.

ఆ రోజుల్లోనే పాటలో ఏడో చరణం మిగిలి ఉంది. కోపం. మా నాయకుడి మేడ మీద గదిలో, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి స్టూడియో అని పిలిచే చోట, అందరం కూర్చుని ఉన్నాం. వాడు మళ్లీ నిప్పు, చీకటి అని మొదలుపెట్టాడు. నాకు విసుగొచ్చి మైకు లాక్కుని అవ్వ తిట్లు మొత్తం ఒక్క ఊపిరిలో దించేశాను. మన్ను లేదు కాబట్టి అవ్వ మాట జవదాటినట్టు కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. డ్రమ్మర్ ఒక్క క్షణం బిత్తరపోయి చూసి, వెంటనే దరువు అందుకున్నాడు. పరదరామిలో వాళ్లమ్మ కూడా మామిడికాయలు పోయినప్పుడు ఇట్లాగే మన్ను పోస్తుందట.

"ఇది తెలుగే కదా? వినడానికి ఏదో పాతకాలం మంత్రంలాగా ఉందే! అర్థం ఏమిటి?" అన్నాడు నాయకుడు అరవంలో.

"కోడిని దొంగిలించినవాడి గురించి," అన్నాను.

వాడు నవ్వి, నేను సరదాకు అంటున్నానని తేల్చేశాడు. వాళ్లింట్లో పనిచేసే ఆమె, పాలు పోసే ఆయన, వీధి చివర టైలరు అందరూ తెలుగువాళ్లే. అయినా ఆ భాషలో ఒక వాక్యానికి అర్థం ఉంటుందని వాడికి అన్నేళ్లలో ఎప్పుడూ తోచలేదు. "నమూనా కోసం ఒకసారి రికార్డు చేద్దాం," అని మొత్తం పాట నాచేత పాడించి రికార్డు చేశాడు. ఏడు చరణాలూ.

కాలేజీ వార్షికోత్సవంలో బ్యాండుల పోటీ. ఆ సాయంత్రం పాడబోతున్నామనగా నేను అవ్వకు చెప్పాను, "నీ మాటల్ని పెద్ద స్పీకర్లలో అరుస్తా, వచ్చి విను" అని. ఆమె నమ్మలేదు. కానీ చర్చికి కట్టుకునే చీర కట్టుకుంది. పాసింజరులో కాట్పాడి దాకా, అక్కణ్ణుంచి బస్సులో. దారంతా కిటికీ పక్కన నిటారుగా కూర్చుంది, లత్తేరిలో అమ్మకానికొచ్చిన మురుకులు కూడా వద్దంది. గొంతు పోయిన తరువాత ఆమె మొహంలో అంత పొగరు నేను అప్పుడే చూశాను. ఆ పొగరును నిలబెట్టాలి. నాకు ఆ పోటీలో కావలసింది అంతే.

ఆమెను గ్రౌండులో ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టి నేను స్టేజీ వెనక్కు పోయాను. నాయకుడు కళ్లకు కాటుక పెట్టుకుంటున్నాడు.

"చిన్న మార్పు," అన్నాడు అద్దంలోంచి. "జడ్జీలు చెన్నై నుంచి వచ్చారు. మెటల్ బ్యాండ్ అంటే ముందు నిలబడే మనిషికి ఒక రూపం ఉండాలి. చుడీదార్ వేసుకుని జడ వేసుకున్న అమ్మాయి అంటే... నువ్వే ఆలోచించు. నీ వాయిస్ ట్రాక్‌లో ఉంది కదా. నేను ముందు నిలబడతాను. నీ పేరు వెనకాల కృతజ్ఞతల్లో వేస్తాం."

నేను నోటికొచ్చిందల్లా అన్నాను. వాడు ఓపికగా విన్నాడు. ఇంతకాలం నా తిట్లను సంగీతంగా వినడం అలవాటైన మనిషి కదా, అప్పుడు కూడా అలాగే విన్నట్టున్నాడు. బయట మైకులో మా బ్యాండ్ పేరు పిలిచారు. వాళ్లు ఎక్కారు. నేను స్టేజీ మెట్ల పక్కన, నేల మీద ఉండిపోయాను.

పాట మొదలైంది. మొదటి ఆరు చరణాలూ స్పీకర్లలో నా గొంతు, స్టేజీ మీద వాడి నోరు. ఆ నోరు తెరిచీ మూసీ, జుట్టు విసిరీ, పళ్లు బిగించీ వాడు పడిన పాట్లు చూసి కుర్రాళ్లు ఈలలు వేశారు. జడ్జీలు తలలు ఊపారు. ఒక ఆడపిల్ల పొట్టలోనుంచి తీసిన శబ్దం అది అని ఆ గ్రౌండులో ఒక్క బుర్రకూ తట్టలేదు. నేను అవ్వ వైపు చూడలేకపోయాను.

ఏడో చరణం వచ్చింది. "తీసినోడి నోట్లో మన్ను పడ!"

అప్పుడు చూశాను. అవ్వ తల ఎత్తి స్పీకర్ వైపు చూసింది. అక్కణ్ణుంచి స్టేజీ మీద వాడి నోటిని చూసింది. తరువాత మెల్లగా తిరిగి, మెట్ల పక్కన నోరు మూసుకుని నిలబడిన నన్ను చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. వస్తువు ఎవరిదో, ఎవరి చేతిలో ఉందో కనిపిస్తూనే ఉంది.

లేచి నిలబడింది. ముడి విప్పింది. కొంగు నడుముకు బిగించి, కుర్చీల ముందరి ఖాళీలోకి నడిచి, వంగి దోసెడు మన్ను తీసింది. సెక్యూరిటీ ఆయన ఏదో పారేసుకుందేమో అనుకుని వెతకడానికి తానూ వంగాడు. అవ్వ ఆ మన్నును స్టేజీ మీదికి విసిరింది. నోరు తెరవలేదు. తెరవాల్సిన పని లేకపోయింది.

"దాచినోడి ఇంట్లో దుమ్ము లేవ!" అన్నాయి స్పీకర్లు, నా గొంతుతో, ఆమె మాటలు. తన మీద పడే తిట్టును ఆ మూర్ఖుడు తన చేత్తోనే అంత పెద్దగా పెట్టించుకున్నాడు.

రెండో దోసిలి పడేసరికి డ్రమ్మర్ చూశాడు. చేతులు గాల్లోనే ఆగిపోయాయి. కర్రలు పక్కన పెట్టాడు. లేచి నిలబడి, చొక్కా అంచు రెండు చేతులతో పట్టుకుని, అంతమంది ముందు దులుపుకున్నాడు. తరువాత మెట్లు దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ట్రాకు పెడతారని తెల్సు అక్కా. నిన్ను ఎక్కనీరని తెల్దు. మీ అవ్వమీదొట్టు," అన్నాడు.

దరువు లేకపోయేసరికి బేస్ వాడు ఆగిపోయాడు. మూడో దోసిలి నాయకుడి మొహం మీద పడింది. వాడు ఉమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ నోరు మూసుకున్నాడు. స్పీకర్లు మూసుకోలేదు. "తిన్నోడి గొంతులో ఈక మొలవ! నాది నా గడపకొచ్చేదాకా..." అని నా గొంతు, ఒంటరిగా, దరువు లేకుండా, గ్రౌండంతా పోయింది. వాడు పెదాలు బిగించుకుని నిలబడి ఉన్నాడు, కాటుక చెంపల మీదికి కారుతోంది. అప్పటికి కొందరికి అర్థమైంది. ముందు నవ్వు లేచింది, తరువాత గోల.

జడ్జీలకు మాత్రం అర్థం కాలేదు. ముసలామెను కూడా ప్రదర్శనలో భాగం అనుకున్నారు. గ్రామీణ సంప్రదాయాన్ని పాశ్చాత్య సంగీతంతో మేళవించినందుకు అని చెప్పి రెండో బహుమతి ఇచ్చారు. నాయకుడు వెళ్లి తీసుకున్నాడు కూడా. సిగ్గు అనేది ఏడు పాపాల్లో లేదు కాబట్టి వాడి పాటలోకి ఎప్పుడూ రాలేదు.

 

తరువాతి వారంలో నాయకుడి గొంతు వాచింది. నన్నడిగితే అది ఆ మన్ను మింగడం వల్ల, అంతకు ముందు నెలల పాటు వచ్చీరాని అరుపులు అరవడం వల్ల. కానీ వాళ్లింట్లో ఆ ముసలామె ఎవరు, ఏమని తిట్టింది అని ఆరా తీశారు. ఇంట్లో పనిచేసే ఆమె మొత్తం విడమరిచి చెప్పిందట, ఈక సంగతితో సహా. ఆదివారం ప్రార్థన నుంచి మేం వచ్చేసరికి మా సందు మొదట్లో పెద్ద కారు ఆగి ఉంది. లోపలికి పట్టక అక్కడే ఆపారు. నాయకుడు, వాళ్లమ్మ మా వాకిట్లో నిలబడి ఉన్నారు. వాడి మెడకు మఫ్లరు. నల్ల బనీను లేదు. నరకం గురించి, దయ్యాల గురించి ఆరు చరణాల పాట కట్టించిన మనిషి మా గడప దగ్గర నిమ్మకాయ తొక్కుతానేమో అని నేల చూసుకుంటూ నిలబడ్డాడు.

"పాటీ, మా వాడి గొంతు చూసి ఎవరికైనా కన్ను కుడుతుంది," అంది వాళ్లమ్మ అవ్వతో, అరవంలో, చాలా మర్యాదగా. "ఆ వీడియో మా చుట్టాలందరికీ చూపించాను. మీరు పెద్దవాళ్లు, అక్కసుతో ఏదో అన్నారు. నీళ్లిస్తే దిగిపోతుందట. ఇవ్వండి."

అక్కసు అట. నేను నోరు తెరవబోయాను. అవ్వ చెయ్యెత్తి నన్ను ఆపి, దగ్గరికి రమ్మని, నా చెవిలో చెప్పింది. నేను పైకి చెప్పాల్సి వచ్చింది.

"మన్ను మాత్రమే అవ్వది. తిట్టు నాది. నేనిస్తేనే దిగుతుందంట."

వాళ్లమ్మకు అర్థం కాలేదు. నేను లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి, ఇవ్వకుండా పట్టుకుని నిలబడ్డాను.

"ముందు మీ అబ్బాయిని చెప్పమనండి. ఆ వీడియోలో గొంతు ఎవరిది?"

వాడు మఫ్లరు సర్దుకున్నాడు. వాళ్లమ్మ నవ్వబోయి వాడి మొహం చూసి ఆగింది. "చెప్పరా," అంది. మళ్లీ అంది. మూడోసారి అన్నప్పుడు ఆమె గొంతు మారిపోయింది. వాడు నా వైపు వేలు చూపించాడు. మాట్లాడలేక కాదు, వాచినా మాట్లాడగలడు. "తనది. మొత్తం తనదే," అన్నాడు చివరికి.

ఆమె ఫోను ఉన్న చేతిసంచిని చంకలోకి గట్టిగా నొక్కుకుంది. కొడుకు మీద పెట్టుకున్న నమ్మకం మా వాకిట్లో, ముక్కూమొహం తెలియని మా ముందు, పోగొట్టుకుంది ఆ తల్లి. ఆమెను చూసి నా కోపం సగం చచ్చింది, అలా చచ్చినందుకు నాకు మరింత చిరాకు వేసింది. చెంబు వాడికిచ్చాను. ఇస్తూ వాడి మొహం చూశాను. అవ్వలాంటి మర్యాద నాకు లేదు, వాడికి అక్కర్లేదు. గటగటా తాగాడు. మఫ్లరంతా తడిసింది.

కారు వెనక్కు తీయడానికి చాలాసేపు పట్టింది. మా వీధి పిల్లలు దాని వెంట పరుగెత్తారు. పెద్దవాళ్లు కిటికీల్లోంచి చూశారు. ఆ రోజు కోడి పోయినప్పుడు గడపల్లోకి రానివాళ్లందరూ ఇప్పుడు కారును చూడటానికి కిటికీలకు అతుక్కున్నారు.

అవ్వ గోడకు ఆనుకుని ఉన్నది లేచింది. నా భుజం పట్టుకుని చెవి దగ్గరకు వచ్చింది.

"ఇంగొక తూరి తిట్టు నాయనా. ఆ పొద్దు స్పీకర్లో సరిగ్గా ఇనలేదు."

"ఎవర్ని అవ్వా? వాడు నీళ్లు తాగి పోయినాడు గదా."

"కోడిని తిన్నోడు యాడికీ పోలేదు. ఈ వీధిలోనే ఉండాడు," అంది. "మన్ను నేను పోస్తాలే."

ఆమె ముడి విప్పుకుంది. ఇద్దరం మూలకు పోయాం. ఆమె వంగడానికి కాస్త కష్టపడింది. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని, తనే దోసెడు మన్ను తీసి గాల్లోకి విసిరింది. నేను నోరు తెరిచాను. మైకు లేదు, దరువు లేదు. పొట్టలోనుంచి అవ్వ గొంతు వచ్చింది.

టీవీలు ఒకటొకటే ఆగిపోయాయి. ఎదురింటి ఆమె ముందు వచ్చింది, తడి చేతులతోనే. గడపలో నిలబడి కొంగు దులుపుకుంది. పక్కింటి ఆయన తువ్వాలు దులిపాడు. తరువాత ఒక్కొక్కరే, వీధి చివరిదాకా. అవ్వ రెండో దోసిలి పట్టుకుని, ఎవరి గడప ఖాళీగా ఉందో చూస్తూ నిలబడింది.